అర్థమైనట్టు సర్టిఫికెట్టు

పింఛనుదారులు ఏటా ఒకసారి తాము బతికే ఉన్నామని ప్రభుత్వానికి రుజువు చూపించుకోవాలి. అది అందరికీ అలవాటైన పనే. వేలిముద్రల యంత్రం ముందు కూర్చుని, అరిగిపోయిన వేలిని అది గుర్తుపట్టేదాకా మళ్ళీమళ్ళీ నొక్కి, బతికి ఉన్నట్టు కాగితం పుచ్చుకుని ఇంటికొస్తారు. ఆ ఏడాది మాత్రం ఉత్తినే బతికుంటే చాలదని తేలింది. అర్థం చేసుకుని కూడా ఉండాలట.

దీనికి కారణం ఫిర్యాదులు. విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్య భరోసా సంస్థకి ఒక్క సంవత్సరంలో నాలుగు వేల పైచిలుకు ఫిర్యాదులు వచ్చాయి. సంస్థ వాటి మీద ఒక కమిటీ వేసింది. కమిటీ ఏడు నెలలు కూర్చుని, రెండు కొండ ప్రాంతాలకీ ఒక సముద్ర తీరానికీ అధ్యయన యాత్రలు చేసి, ఫిర్యాదులన్నిటికీ మూలం ఒకటేనని కనిపెట్టింది. ఫిర్యాదు చేసినవాళ్ళకి పథకం అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళు ఫిర్యాదు చేసిన దాఖలా ఎక్కడా లేదు. కాబట్టి అందరికీ అర్థమైపోతే ఫిర్యాదులు ఆగిపోతాయి.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. "ప్రీమియం, డిడక్టబుల్ అను అంశములపై సభ్యులలో తగు అవగాహన కొరవడినందున, నిర్ణీత పరీక్షలో ఉత్తీర్ణులై అవగాహన ధ్రువపత్రము పొందని సభ్యుల ఆరోగ్య కార్డులు నిద్రాణస్థితిలో ఉంచబడును."

సర్క్యులరు వచ్చిన నాటికి మట్టపర్తి దమయంతి టీచరుకి ఆ కార్డుతో అత్యవసరమైన పని పడింది.

దమయంతి టీచరు ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ భర్త సత్తిరాజు టైలరు. భార్య ఉద్యోగం మీద ఆయన పేరు కూడా కార్డులో ఉంది. ఆయనకి గజ్జలో పేగు జారింది. సైజుకి సరిపడా మందపాటి కాడా గుడ్డతో తనే ఒక పట్టీ కుట్టుకుని, దానికి రెండు బొందులు పెట్టి, ఆరు నెలలు బిగించుకు తిరిగాడు. దగ్గొచ్చినప్పుడల్లా అరచేతిని గజ్జ మీద అదిమి పెట్టుకునేవాడు. డాక్టరు చూసి, "పట్టీ బాగా కుట్టారు గానీ, పేగు ఇరుక్కుంటే మీ కుట్టు ఆపలేదండీ. రెండు నెలల్లో ఆపరేషను చేయించెయ్యండి. ఆ పైన ఆగితే ప్రాణం మీదికొస్తుంది," అన్నాడు. కార్డు మీదైతే యాభై వేల దాకా అవుతుంది. కార్డు లేకపోతే అదే ఆపరేషను, అదే డాక్టరు, అదే మంచం, లక్షా పాతిక వేలు. అంత డబ్బు వాళ్ళ దగ్గర లేదు.

సర్క్యులరు చదివి సత్తిరాజు అడిగాడు. "ఇంతకీ ప్రీమియం ఏంటే, ఆ రెండోదేంటే?"

"మీ కార్డు కోసం నెలనెలా నా పింఛన్లోంచి కోసేది ప్రీమియం. జబ్బు చేసినా కోస్తారు, చెయ్యకపోయినా కోస్తారు. జబ్బు చేసి ఆసుపత్రిలో చేరితే, ఏడాదిలో మొదటి ఇరవై వేలు మనం పెట్టుకోవాలి. అది డిడక్టబుల్. ఆ పైనయ్యేది వాళ్ళు పెడతారు."

"జబ్బు చెయ్యకపోతే ఒకటి కట్టాలి. చేస్తే రెండూ కట్టాలి."

"అంతే."

"ఇంతేనా? నాకే అర్థమైపోయింది. దీనికి పరీక్షెందుకే? నువ్వు కళ్ళు మూసుకుని పాసైపోతావు."

దమయంతి టీచరు కూడా అలాగే అనుకుంది. పరీక్ష అన్న మాట విని చాలా ఏళ్ళకి కాస్త హుషారు కూడా పుట్టింది ఆవిడకి. పాత జామెట్రీ పెట్టె తీసి తుడిచింది.

పరీక్షకి ముందు అవగాహన తరగతులు జరిగాయి. దానికోసం జిల్లాకొక జిల్లా అవగాహనాధికారిని నియమించారు. ఆ జిల్లాకి వచ్చినాయన పేరు వరాహమూర్తి. ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు. జిల్లా పరిషత్తు హాల్లో రెండు వందల మంది ముసలివాళ్ళు బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. దమయంతి టీచరు పక్కన కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఇమ్మానుయేలు గారు కూర్చున్నాడు. మోకాలు వంగక కాలు బారచాపుకున్నాడు.

"సభ్యమిత్రులారా," అన్నాడు వరాహమూర్తి. "అవగాహనయే ఆరోగ్యము. ఆసుపత్రి బిల్లు యాభై వేలు అనుకుందాం. డిడక్టబుల్ ఇరవై వేలు. దానిని ఎవరు చెల్లించవలెను?"

"మేమేనండీ," అన్నారు అందరూ.

"భేష్. యాభైలో ఇరవై పోగా?"

"ముప్పై."

"ఇప్పుడు సంస్థ రంగప్రవేశం చేస్తుంది. సంస్థ తన నిబంధనల మేరకు డిడక్టబుల్‌ను మినహాయించుకొనును. ముప్పైలో ఇరవై పోగా పది. కావున సంస్థ చెల్లించునది అక్షరాలా పదివేల రూపాయలు. రాసుకోండి."

రెండు వందల పెన్నులు రాసుకున్నాయి. దమయంతి టీచరు చెయ్యెత్తింది.

"అయ్యా, సభ్యుడు ఇరవై కట్టాడు, సంస్థ పది కట్టింది. ఆసుపత్రికి రావలసింది యాభై. మిగిలిన ఇరవై ఎవరు కడతారండీ?"

"చాలా మంచి ప్రశ్న," అన్నాడు వరాహమూర్తి. "సిలబస్‌లో లేదు."

"ఒకే డిడక్టబుల్ని రెండుసార్లు తీసేశారండీ. అక్కడొచ్చింది తేడా."

"అమ్మా, సభ్యుడు చెల్లించుట వేరు. సంస్థ మినహాయించుట వేరు. మొదటిది తమ బాధ్యత. రెండవది మా హక్కు. ఈ రెంటినీ కలిపి చూడటాన్నే సంస్థ అవగాహనా లోపమంటున్నది."

ఇమ్మానుయేలు గారు ఆవిడ మోచేతిని మెల్లిగా తట్టి, "కూర్చోండి టీచరు గారూ. పదంటే పది. మనకెందుకండి బాబూ," అన్నాడు.

పరీక్షలో పది ప్రశ్నలు. ప్రీమియం పెంచినప్పుడు సభ్యుడు ఏమి పెంచుకోవలెను అన్నది నాలుగోది. దానికి జవాబు అవగాహన. మొదటి ప్రశ్న మాత్రం తప్పనిసరి. అది తప్పితే మిగిలిన తొమ్మిదీ దిద్దరు. అది ఆ యాభై వేల లెక్కే. దమయంతి టీచరు ముప్పై వేలని రాసింది. పోయింది. ఇమ్మానుయేలు గారికి జిల్లా మొదటి ర్యాంకు వచ్చింది. ఆయన ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు.

ఆ తరవాత ఊరు మారిపోయింది. బస్టాండు వెనక రెండు ట్యూషన్ సెంటర్లు వెలిశాయి. అవగాహన గైడు, అవగాహన బిట్ బ్యాంకు, ఆఖరి నిమిషం అవగాహన అని మూడు పుస్తకాలు పచారీ కొట్లలో కూడా అమ్మారు. తెల్లవారుజామున వాకింగుకి వెళ్ళే పెద్దలు "యాభైలో ఇరవై, ముప్పైలో ఇరవై" అని పాఠం వల్లె వేసుకుంటూ నడిచేవారు. ఫస్టు క్లాసు వచ్చినవారికి ఏసీ గది, సెకండు క్లాసుకి ఫ్యాను గది, అత్తెసరు మార్కులకి వరండాలో మంచం అని ఇంకో సర్క్యులరు వచ్చింది. తహసీల్దారుగా చేసిన ఒక పెద్దమనిషి చొక్కా మడతలో చీటీ పెట్టుకుని దొరికిపోతే రెండేళ్ళు డిబారు చేశారు. ఆ రెండేళ్ళూ ఆయనకి జబ్బు పడే అర్హత లేదని ఉత్తర్వులో స్పష్టంగా రాశారు. గుండెనొప్పితో ఆటోలో వచ్చిన ఒకాయన్ని ఆసుపత్రి గుమ్మంలో ఆపి సర్టిఫికెట్టు అడిగితే, ఆయన నొప్పిలోనే పది జవాబులూ గడగడా అప్పజెప్పి లోపలికి వెళ్ళాడట. అది చూసి సంస్థ, నోటి పరీక్ష ఆలోచన కూడా మంచిదేనని ఒక ఉపకమిటీ వేసింది.

సప్లిమెంటరీ పరీక్ష నెల రోజులకి పెట్టారు. దానికి నాలుగు రోజుల ముందు మధ్యాహ్నం, కుట్టుమిషను దగ్గర కూర్చున్న సత్తిరాజుకి ఉన్నట్టుండి నొప్పి తన్నుకొచ్చింది. ముఖం తెల్లగా పాలిపోయి చెమటలు పట్టేశాయి. దమయంతి టీచరు ఆయన్ని చాప మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టి, డాక్టరుకి ఫోను చేసి చేతులు నలుపుకుంటూ కూర్చుంది. అరగంటకి పేగు తనంతట తనే లోపలికి జారింది. సత్తిరాజు కళ్ళు తెరిచి, ఇంటి కప్పుకేసి చూస్తూ అన్నాడు.

"దమయంతీ, నా కోసం ఒక్క లెక్క తప్పు చెయ్యలేవా?"

"అది కాదండీ..."

"ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో పిల్లలందరూ నీ దగ్గర తప్పులు చేశారు కదా. ఒక్కసారి నువ్వు చేస్తే ఏం పోయింది? పది రాసి రావే."

"రాస్తాను," అంది ఆవిడ. నిజంగానే రాద్దామనుకుంది.

పరీక్ష హాల్లో కూర్చుని ఒకటి వేసింది. ఒకటి పక్కన సున్నా పెట్టాలి. పెన్ను కదల్లేదు. నోట్సులో ఇలాంటి జవాబులు రాసిన పిల్లల ముఖాలన్నీ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి. ఒక్కొక్కరి పక్కనా తను ఎర్రసిరాతో కొట్టిన అడ్డగీత కనిపించింది. పావుగంట అలాగే కూర్చుంది. తరవాత ఆ ఒకటిని కొట్టేసి ముప్పై వేలు అని రాసి, అలవాటు కొద్దీ కింద రెండు గీతలు గీసి, పక్కన సరిచూశాను అని రాసి, పేపరిచ్చేసి బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. ఇంటికెళ్ళాక అన్నం పెడుతుంటే సత్తిరాజు ఆవిడ ముఖం చూసి, "సరేలే. ఇంకో పట్టీ కుట్టుకుంటాను, కాస్త వెడల్పుది," అన్నాడు. ఆ మాటకి ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమింది.

మూడో రోజున సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. తప్పావని చెప్పే ఉత్తరమే అయ్యుంటుందని తెరిచింది. కాదు. సప్లిమెంటరీ పేపర్లు వేల సంఖ్యలో ఉన్నందున, అనుభవజ్ఞులైన విశ్రాంత లెక్కల ఉపాధ్యాయులు స్పాట్ వాల్యుయేషనుకి హాజరు కావలసిందని ఉత్తర్వు. పేపరుకి ఎనిమిది రూపాయలు, మధ్యాహ్నం పులిహోర పొట్లం.

వెళ్ళి వరాహమూర్తి ముందు నిలబడి చెప్పింది. "అయ్యా, నేనింకా పాసవలేదండీ. దిద్దడానికి పనికొస్తానా?"

"పాసవడం సభ్యులకు అవసరమమ్మా. దిద్దేవారికి కీ ఉంటే చాలును," అని ఆయన జవాబుల పట్టిక చేతికిచ్చాడు. మొదటి ప్రశ్నకి జవాబు: పదివేలు.

ఆవిడకి వచ్చిన కట్టలో నలభై పేపర్లు. పేర్లుండవు, కోడు నంబర్లే. మొదటిది తీసింది, పదివేలు. రెండోది, పదివేలు. వణుకుతున్న అక్షరాలతో, గొలుసుకట్టు రాతతో, ఒకచోట వేలిముద్రలు పడిన మరకతో, వరసగా అందరూ పదివేలే. ఆవిడ ఎర్ర పెన్ను పట్టుకుని అడ్డగీత కొట్టబోయి ఆగేది. ఈ పేపరు రాసిన ముసలాయన ఇంట్లో కూడా ఎవరో పట్టీ కట్టుకుని ఎదురుచూస్తూ ఉంటారు. ఏ పేపరుకీ మార్కు వెయ్యకుండానే పక్కన పెట్టుకుంటూ వెళ్ళింది.

ముప్పై రెండో పేపరులో కొట్టేసిన ఒకటి ఉంది. దాని పక్కన ముప్పై వేలు. కింద రెండు గీతలు. సరిచూశాను.

అది దమయంతి టీచరు రాసిన పేపరే. పేపరు బోర్లా పెట్టింది. మళ్ళీ తిప్పింది. సర్వీసులో ఎన్నడూ ఆవిడ చుట్టాల పిల్లల పేపరు కూడా చెప్పకుండా దిద్దలేదు. లేచి వరాహమూర్తి దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, చేతిరాత బంధువులదని తెలిస్తే ఏం చెయ్యాలండీ?"

"ఫారం పదకొండు నింపి పేపరు పక్కన పెట్టాలి."

"మనదే అయితే?"

వరాహమూర్తి ఫారం పదకొండు తీసి, ముందూ వెనకా తిప్పి చూశాడు. "భార్య, భర్త, కుమారుడు, కుమార్తె, అల్లుడు, ఇతరులు. తాను అనే గడి లేదమ్మా. గడి లేనిచో అభ్యంతరం లేనట్లే."

ఆవిడ వచ్చి కూర్చుంది. కాసేపు ఆలోచించింది. కీలో ఉన్నది కాబట్టి ముప్పై తొమ్మిది పేపర్లకీ పదేసి మార్కులు వేసింది. సరైన లెక్క కాబట్టి ముప్పై రెండో పేపరుకీ పది మార్కులు వేసింది. మిగిలిన తొమ్మిది ప్రశ్నలూ దిద్ది, నలభై మందినీ పాసు చేసి కట్ట కట్టి ఇచ్చేసింది.

గంటలో పిలుపు వచ్చింది. వరాహమూర్తి ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమిటమ్మా ఇది? ఒకే ప్రశ్నకు రెండు జవాబులు, రెండూ రైటా? ముప్పైకి సున్నా వెయ్యండి."

"వేస్తానండీ. యాభైలోంచి ఇరవై తీసేస్తే ముప్పై రావడం తప్పు అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. దాన్ని చూసి వేసేస్తాను."

"దానికి రాతపూర్వకంగా ఎందుకు? నోటితో చెప్తున్నాను కదా."

"రేపు ఆడిట్ వాళ్ళడిగితే నేనేం చూపించనండీ?"

ఆడిట్ అన్న మాటకి వరాహమూర్తి కొంచెం వెనక్కి జరిగాడు. కాగితం ముందుకు లాక్కున్నాడు. జేబులోంచి మొదటి పెన్ను తీశాడు. అది బాగా రాయడం లేదన్నట్టు చూసి రెండోది తీశాడు. హాల్లో పులిహోర తింటున్న వాళ్ళందరూ పొట్లాలు పట్టుకుని ఆయన చేతికేసి చూస్తున్నారు. రెండు వందల మంది ముందు గొంతెత్తి చెప్పిన మాటే. కానీ కాగితం మీద తన పేరు కింద అది నిలబడి ఉంటుందంటే చెయ్యి రాలేదు. చివరికి, "ఇది విధానపరమైన అంశం. పైకి నివేదిస్తాను," అని పెన్ను మూత పెట్టేశాడు.

పైవాళ్ళు ఇంకా పైకి నివేదించారు. అక్కడా సంతకం పెట్టేవాళ్ళు లేక ఫైలు మరీ పైకి పోయింది. ఎటెళ్ళినా ముప్పై తప్పు అని ఎవరూ రాయలేదు. ముప్పై రైటని రాస్తే, అంతకుముందు పది అని పాసైన వేలమంది సంగతి ఏమిటన్న ప్రశ్న వస్తుంది. పదకొండు రోజులకి ఉత్తర్వు దిగింది.

"సభ్యుల అవగాహనకు సంస్థ మిక్కిలి గౌరవమిచ్చును. మొదటి ప్రశ్నకు సభ్యులు రాసిన ఏ జవాబునైనను సరియైనదిగా పరిగణించడమైనది. చికిత్స సందర్భమున ప్రతి సభ్యునికి, పరీక్షలో తాను స్వహస్తముతో రాసిన మొత్తమే చెల్లించబడును."

డాక్టరు చెప్పిన రెండు నెలల గడువుకి ఆరు రోజులుండగా సత్తిరాజుకి ఆపరేషను జరిగింది. పేగు లోపలికి వెళ్ళిపోయింది. పొట్ట మీద కుట్లు చూసుకుని ఆయన, "ఎడం వేపు కాస్త వంకర పోయింది గానీ, పరవాలేదే, గట్టిగానే కుట్టాడు," అన్నాడు. దమయంతి టీచరు అది విని నవ్వి, కళ్ళు తుడుచుకుని బిల్లు కౌంటరు దగ్గరికి వెళ్ళింది. బిల్లు నలభై ఎనిమిది వేలు. గుమాస్తా కంప్యూటర్లో ఆవిడ జవాబు పేపరు తెరిచాడు.

"ముప్పై వేలు రాశారండీ. సంస్థ ముప్పై ఇస్తుంది. మీరు పద్ధెనిమిది కట్టండి."

"కాదు బాబూ. నేను కట్టాల్సింది ఇరవై. వాళ్ళు ఇరవై ఎనిమిదే ఇవ్వాలి. ముప్పై రాసింది యాభై వేల బిల్లుకి."

"మీరు రాసింది ముప్పై కదా మేడం?"

"లెక్క ప్రకారం..."

"లెక్కలు ఇక్కడ చెయ్యమండీ. అర్థమైంది ఎంతో అంతే ఇస్తాం."

ఆవిడ వెనక లైన్లో వాకరు పట్టుకుని నిలబడ్డ ఇమ్మానుయేలు గారు అంతా విన్నాడు. ఆయనకి మోకాలి చిప్ప ఆపరేషనైంది. జిల్లా మొదటి ర్యాంకు కాబట్టి ఏసీ గది ఇచ్చారు. బిల్లు యాభై వేలు. సంస్థ పదివేలు ఇచ్చింది. మిగతా నలభై తనే కట్టాలని చూసి ఆయన బిల్లు కౌంటరు మీద పెట్టాడు.

"మధ్యలో ఇరవై ఏమైందండీ?" అని గుమాస్తాని అడిగాడు.

"అది సిలబస్‌లో లేదు కదండీ," అన్నాడు గుమాస్తా. సిలబస్ గురించి అతనికీ బాగానే తెలుసు.

"టీచరు గారూ, ఆ రోజు నేను మీ మోచెయ్యి తట్టకుండా ఉండాల్సింది," అన్నాడు ఇమ్మానుయేలు గారు. "ఫ్లెక్సీ డబ్బులు కూడా నేనే కట్టానండి, ఆయ్."

"ఊరుకోండన్నయ్య గారూ. కాలు నయమైంది కదా," అంది ఆవిడ.

అవగాహనకి ఏడాదికోసారి కాలం చెల్లుతుంది కాబట్టి, మరుసటి సంవత్సరం మళ్ళీ పరీక్ష పెట్టారు. ఈసారి తరగతులకి ఎవరూ వెళ్ళలేదు. ట్యూషన్ సెంటర్లు మూతపడ్డాయి. హాలు మాత్రం కిటకిటలాడిపోయింది. మొదటి బెంచీలో, ఆ వేసవిలో రిటైరైన వరాహమూర్తి కూర్చున్నాడు. పక్కవాళ్ళు చూడకుండా ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని, మూడు పెన్నుల్లో మంచిది ఏరి, సున్నాల మీద సున్నాలు పెడుతున్నాడు. ప్రశ్న మారలేదు. బిల్లు యాభై వేలు, డిడక్టబుల్ ఇరవై వేలు, సంస్థ చెల్లించునదెంత?

దమయంతి టీచరు పక్కన ఇమ్మానుయేలు గారు వంచగలిగిన కొత్త మోకాలిని వంచుకుని కూర్చుని, నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా రాస్తున్నాడు. రెండు లక్షలు అని రాశాడు. కాసేపు ఆలోచించి, పక్కన రానూపోనూ ఆటో కూడా అని చేర్చాడు. పెన్ను కింద పెట్టి, ఇన్విజిలేటరు అటు తిరిగేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంత రాశారండీ, టీచరు గారూ?"

"ముప్పై వేలు," అంది ఆవిడ, రెండు గీతలు గీస్తూ.

ఇమ్మానుయేలు గారు ఆవిడకేసి జాలిగా చూశాడు.

"మీకింకా అర్థం కాలేదండి," అన్నాడు.